మన ఆట చూడ్డానికి ఎవరు వస్తున్నరు? ఖాళీ గ్యాలరీ వెనక ఒక చరిత్ర



అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు... ఇది కొంచెం పెద్ద పోస్టు. చాయ్ తాగుతూ చదువుకోండి గానీ, మధ్యలో ఆపకండి. చివర్లో ఒక పని చెప్తా, అందరం చేయాల్సింది.

మా కాలేజీ యాన్యువల్ డే నాడు మా హాస్టల్ అమ్మాయిలం ఎనిమిది మందిమి లంబాడీ డాన్స్ చేసినం. నేను మా యాడి ఫేటియా, కాంచళి వేసుకుని పోయిన. హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక గోడల పొంటి నిలబడ్డరు. వచ్చిన ముఖ్య అతిథి కూడా ఫోన్ తీసి వీడియో తీసుకున్నరు. చప్పట్లు ఆగలేదు.

అదే వారంలో మా కాలేజీ గ్రౌండ్‌లోనే ఇంటర్ కాలేజ్ అమ్మాయిల బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరిగింది. మా టీంలో ఐదుగురిలో ముగ్గురు ట్రైబల్ అమ్మాయిలే. ఒకామె నా రూమ్మేట్, చర్ల అవతలి కోయ గూడెం నుంచి వచ్చింది. సాయంత్రం కాలు మడమ వాచిపోయి కుంటుకుంటా రూముకు వచ్చింది. నేను వేడి నీళ్ళు తెచ్చి ఇచ్చిన. ఆమె ఒక్కటే మాట అన్నది: "మొన్న మీ డాన్సుకు నేను ముందు వరుసల కూసున్న. ఇయ్యాల నా ఆటకు నువ్వు రాలే."

నా దగ్గర జవాబు లేదు. ఎంతమంది వచ్చారని అడిగితే, స్కోరు రాసే సార్‌తో కలిపి తొమ్మిది మంది అని చెప్పింది.

ఆ తర్వాత తెలిసింది, ఆ కోర్టు తీసేసి బండ్ల స్టాండు కట్టాలనే ఆలోచన నడుస్తున్నదట. కారణం ఏందంటే "ఆడేది పది మంది, చూసేది ఎవ్వరూ లేరు". అప్పటి నుంచి నాకు ఒకటే ప్రశ్న. చూసేవాళ్ళు ఎటు పోయారు? అసలు ముందు ఉన్నారా? లైబ్రరీలో, ఫోన్‌లో చదివి తెలుసుకున్నది రాస్తున్నా.

ముందు ఈ ఆట ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1891 డిసెంబర్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. అక్కడి వైఎంసీఏ శిక్షణ కాలేజీలో జేమ్స్ నైస్మిత్ అనే పీడీ సార్ ఉండేవాడు. చలికాలం బయట ఆడలేక పిల్లలు లోపల అల్లరి చేస్తుంటే, వాళ్ళను కుదురుగా ఉంచడానికి ఒక ఆట కనిపెట్టాడు. పీచ్ పండ్లు పోసుకునే రెండు బుట్టలను జిమ్‌లో పై వరండా కమ్మీకి మేకులతో కొట్టించాడు. నేల నుంచి పది అడుగుల ఎత్తు. పదమూడు రూల్స్ రాశాడు. క్లాసులో పద్దెనిమిది మంది ఉంటే అటు తొమ్మిది, ఇటు తొమ్మిది. ఫుట్‌బాల్‌తోనే ఆడారు. మొదటి మ్యాచ్ స్కోరు 1–0.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఈరోజు రింగు వెనక ఉండే బోర్డు మొదట్లో లేదు. మరి ఎందుకు పెట్టారు? పై వరండాలో నిలబడి చూసే జనం, తమ టీం గెలవాలని చేతులు చాపి బంతిని లోపలికి తోసేవాళ్ళు, ఎదుటి టీం వేసిన బంతిని బయటికి నెట్టేవాళ్ళు. ఆ గోల ఆపడానికే బుట్ట వెనక అడ్డం పెట్టారు. అంటే ఆ బోర్డు పుట్టిందే చూసేవాళ్ళ వల్ల. ఆట పుట్టిన కొద్ది ఏండ్లకే జనం ఆటలో అంతగా కలిసిపోయారు. మా కోర్టులో ఆ బోర్డు ఇప్పటికీ ఉంది. అది ఆపాల్సిన జనమే లేరు.

అమ్మాయిల ఆట కూడా అప్పుడే మొదలైంది. స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే టీచర్ అమ్మాయిలకు నేర్పించింది. 1893లో అక్కడ జరిగిన మ్యాచ్‌కు మగవాళ్ళను లోపలికి రానివ్వలేదు. అమ్మాయిలు పరుగెత్తడం మగవాళ్ళు చూడకూడదని ఆనాటి పద్ధతి. అయినా అమ్మాయిలే గ్యాలరీ నింపి అరిచారు.

ఇప్పుడు మనకు దగ్గరి కథ చెప్తా. ఇది మన పాఠాల్లో ఎక్కడా లేదు, కానీ హాస్టల్‌లో చదివిన ప్రతి ట్రైబల్ పిల్లకూ తెలియాలి.

అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఫోర్ట్ షా అని ఒక పాత సైనిక కోట. 1892లో దాన్ని అక్కడి ఆదివాసీ పిల్లల కోసం ప్రభుత్వ బోర్డింగ్ స్కూలుగా మార్చారు. అవి మన ఆశ్రమ పాఠశాలల లాంటివి అనుకోకండి. ఆ కాలంలో అలాంటి బోర్డింగ్ స్కూళ్ళ ఉద్దేశమే పిల్లలను తల్లిదండ్రుల నుంచి, భాష నుంచి, కట్టుబాట్ల నుంచి దూరం చేయడం. జుట్టు కత్తిరించేవాళ్ళు. సొంత భాష మాట్లాడితే శిక్ష. అలాంటి చోట వేర్వేరు తెగల అమ్మాయిలు కలిసి బాస్కెట్‌బాల్ నేర్చుకున్నారు. మోంటానాలో ఊరూరా తిరిగి హైస్కూల్ టీంలను, కాలేజీ టీంలను కూడా ఓడించారు. టికెట్ కొనుక్కుని మరీ తెల్లవాళ్ళు చూడ్డానికి వచ్చారు.

1904లో సెయింట్ లూయిస్ నగరంలో పెద్ద ప్రపంచ ఎగ్జిబిషన్ జరిగింది. ఫోర్ట్ షా అమ్మాయిలు పది మందిని అక్కడికి పంపారు. ఎందుకు పంపారో తెలుసా? ఆడడానికి మాత్రమే కాదు. అక్కడ "నమూనా ఇండియన్ స్కూలు" అని ఒకటి కట్టి, ఆదివాసీ పిల్లలు ఎట్లా చదువుతారో, ఎట్లా పాడతారో జనానికి చూపించారు. ఆ అమ్మాయిలు సంగీతం వాయించారు, పద్యాలు చెప్పారు, సంప్రదాయ దుస్తుల్లో జనం ముందు నిలబడ్డారు. దాంతోపాటు బాస్కెట్‌బాల్ ఆడారు. చివరికి మిస్సోరీ రాష్ట్రపు ఎంపిక చేసిన టీంతో పోటీ పెడితే, దాన్ని కూడా ఓడించి చాంపియన్లు అయ్యారు.

ఇది చదివి నేను చాలాసేపు ఊరికే కూర్చున్నా. మనల్ని చూడ్డం వేరు, మన ఆట చూడ్డం వేరు. ఆ ఎగ్జిబిషన్‌కు వచ్చిన జనం ఆ అమ్మాయిలను వింతగా చూద్దామని వచ్చారు. కానీ బంతి చేతికి వచ్చాక ఆ అమ్మాయిలు వింత వస్తువులుగా మిగల్లేదు, ఆటగత్తెలు అయ్యారు. జనం కళ్ళు మారేటట్టు చేశారు.

మన దగ్గర సంగతి చూడండి. ఏ మీటింగ్ అయినా, ఏ మంత్రి వచ్చినా, భద్రాచలం దిక్కు కోయ కొమ్ము డాన్స్, మా దిక్కు లంబాడీ డాన్స్. జనం నిండుగా ఉంటారు. డాన్స్ మన గర్వమే, నేను కాదనను, నేనే చేస్తా. కానీ అదే పిల్ల షూ వేసుకుని, వెనక నంబరు ఉన్న జెర్సీ వేసుకుని కోర్టులోకి దిగితే, అప్పుడు మాత్రం ఎవరూ ఉండరు. తప్పు వేరేవాళ్ళ మీద వేయడం సులువు. నేను కూడా పోలేదు కదా.

సరే, ఈ ఆట మన దేశానికి ఎట్లా వచ్చింది? అది కూడా వైఎంసీఏ దారిలోనే. 1920లో హెచ్.సి. బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కాలేజీ పెట్టాడు. దక్షిణాదిలో పీఈటీలు, పీడీలు అనే ఉద్యోగాలకు తొలి తరాలు శిక్షణ తీసుకున్నది అక్కడే. 1934లో మొదటి జాతీయ పోటీలు జరిగాయి. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లోకి బాస్కెట్‌బాల్ వచ్చింది. 1950లో మన దేశపు బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఏర్పడింది. అంటే మన దగ్గర ఇది మొదటి నుంచీ స్కూలు, కాలేజీ, పోలీసు, రైల్వే, మిలిటరీ ఆట. ఊరి ఆట కాలేదు. కబడ్డీకి గీతలు గీస్తే చాలు. వాలీబాల్‌కు రెండు కర్రలు, ఒక నెట్టు చాలు. బాస్కెట్‌బాల్‌కు సిమెంటు కోర్టు కావాలి, ఇనుప స్తంభాలు కావాలి. అవి కాంపౌండు గోడ లోపలే ఉంటాయి. ఈ గోడ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తా.

జనం వచ్చి, తర్వాత పోయిన కథ మన తెలుగు నేల మీదే ఒకటి ఉంది. అది హైదరాబాద్ ఫుట్‌బాల్. సయ్యద్ అబ్దుల్ రహీం అనే స్కూల్ మాస్టారు కోచ్‌గా ఉన్న రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచింగ్‌లోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చింది. ఆ టీంలలో హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లో ఆడి పెరిగినవాళ్ళు ఎందరో. అప్పుడు ఫతే మైదాన్‌లో మ్యాచ్ అంటే పండగే. ఎందుకంటే ఆడేవాడు పక్క బస్తీవాడు. వాళ్ళ నాయిన తెలుసు, వాళ్ళ దుకాణం తెలుసు. 1963లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. తర్వాత మెల్లగా ఖాళీ స్థలాలు ఇండ్లు అయిపోయినయ్. ఆఫీసు టీంలు ఉద్యోగాలు ఇవ్వడం తగ్గించినయ్. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ప్రొఫెషనల్ క్లబ్ వచ్చింది, 2022లో ఐఎస్ఎల్ కప్ కూడా గెలిచింది. అయినా పాత బస్తీల జనం మళ్ళా ఆ తీరుగా తిరిగి రాలేదు. కప్పు గెలిస్తేనే జనం వస్తారు అనుకోవడం తప్పు. ఆడేవాడు మనోడు అనిపిస్తే వస్తారు.

ఇదే జబ్బు బాస్కెట్‌బాల్ పుట్టిన దేశంలో కూడా ఉంది. అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే మన దగ్గర సినిమా లాగా. నైస్మిత్ సార్ తర్వాత కాన్సస్ యూనివర్సిటీకి పోయి కోచ్ అయ్యాడు. అక్కడి అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో వేల మంది పడతారు. విద్యార్థులకు వేరే గ్యాలరీ ఉంటుంది, సీటు కోసం ముందు నుంచే లైన్ కడతారు. అలాంటి దేశంలో కూడా 2007 తర్వాత చాలా ఏండ్లు మగవాళ్ళ కాలేజీ మ్యాచ్‌లకు వచ్చే జనం సగటు కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది.

కారణాలు చూస్తే మనకు తెలిసినవే. మొదటిది తెర. 1979లో ఈఎస్‌పీఎన్ చానల్ మొదలయ్యాక మ్యాచ్‌లు ఇంట్లోకి వచ్చినయ్. మొదట్లో టీవీ వల్ల అభిమానులు పెరిగారు. తర్వాత అన్ని మ్యాచ్‌లూ టీవీలో, ఫోన్‌లో దొరికినయ్. ఇంట్లో కూర్చుంటే అయిపోయేదానికి చలిలో ఎవరు పోతారు? రెండోది నాకు ముఖ్యంగా అనిపించింది. ఆటగాళ్ళు ఒక దగ్గర నిలవడం లేదు. 2006 నుంచి మంచి ఆటగాళ్ళు ఒక్క ఏడాది కాలేజీలో ఆడి ఎన్‌బీఏకు పోవడం మామూలైంది. 2021లో కాలేజీ మారి వెంటనే ఆడే అవకాశం అందరికీ ఇచ్చారు, పేరు మీద డబ్బులు సంపాదించుకోవడానికి అనుమతి కూడా ఇచ్చారు. ఆటగాళ్ళకు అది న్యాయమే. వాళ్ళ చెమటతో కాలేజీలు కోట్లు సంపాదించినప్పుడు వాళ్ళకూ రావాలి. కానీ చూసేవాళ్ళకు మాత్రం ప్రతి ఏడాదీ కొత్త మొఖాలే. పేరు తెలియనోళ్ళ కోసం గొంతు చించుకుని ఎవరు అరుస్తారు?

మన దగ్గర 2008లో ఐపీఎల్, 2014లో ప్రో కబడ్డీ, 2016లో జియో వచ్చినయ్. అదే 2016లో డిగ్రీ అడ్మిషన్లకు దోస్త్ వచ్చింది, సెమిస్టర్లు వచ్చినయ్. దోస్త్ వల్ల మనలాంటోళ్ళకు మేలే జరిగింది, ఇంటి దగ్గర నుంచే అప్లై చేసుకున్నం. కానీ సెమిస్టర్ అంటే ఆరు నెలలకోసారి పరీక్ష, మధ్యలో ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, ప్రాక్టికల్స్. క్లాసు అయిపోగానే ఒకరు కోచింగ్‌కు, ఒకరు షాపులో పనికి, మనం హాస్టల్ గేటు టైముకు. ఇంటర్ అయితే ఇంకా ఘోరం. అపార్ట్‌మెంట్‌లో నడిచే కాలేజీలో రెండేండ్లు చదివిన పిల్లకు గ్రౌండ్ అంటేనే గుర్తుండదు. డిగ్రీకి వచ్చి ఆమె గ్యాలరీలో కూర్చోవాలంటే ఎట్లా వస్తుంది? చూడ్డం కూడా అలవాటే కదా.

అయితే అందరూ "ఫోన్లు వచ్చినయ్, జనం పాడైపోయిన్రు" అంటారు. ఆ మాట సగమే నిజం. నిజంగా ఫోనే కారణమైతే ఈ రెండు సంగతులు జరగొద్దు.

ఒకటి: 2023 అక్టోబర్ 15న అమెరికాలో అయోవా యూనివర్సిటీ అమ్మాయిల టీం ఫుట్‌బాల్ స్టేడియంలో బాస్కెట్‌బాల్ కోర్టు వేసి ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడింది. 55,646 మంది వచ్చారు. అప్పటిదాకా అమ్మాయిల బాస్కెట్‌బాల్‌కు అంత జనం ఎప్పుడూ రాలేదు. 2024 ఏప్రిల్‌లో అయోవా, సౌత్ కరోలినా అమ్మాయిల ఫైనల్‌ను టీవీలో చూసినవాళ్ళు మగవాళ్ళ ఫైనల్ చూసినవాళ్ళ కంటే ఎక్కువ. అట్లా జరగడం అదే మొదటిసారి. అయోవా స్టార్ కెయిట్లిన్ క్లార్క్ అదే రాష్ట్రంలో పుట్టి పెరిగిన పిల్ల, నాలుగేండ్లూ అక్కడే ఆడింది. జనానికి ఆమె ఇంటి పిల్లలాగా తెలుసు.

రెండు: అదే అమెరికాలో నవజో లాంటి ఆదివాసీ రిజర్వేషన్లలో హైస్కూల్ బాస్కెట్‌బాల్‌కు జనం విరగబడి వస్తారు. చిన్లీ అనే చిన్న ఊళ్ళో స్కూలు జిమ్‌లోనే వేల మంది కూర్చుంటారు. అవ్వలు, తాతలు దుప్పట్లు కప్పుకుని గంటల కొద్దీ బండ్లల్లో వస్తారు. 2019లో ఆ స్కూల్ టీం మీద ఒక డాక్యుమెంటరీ సిరీస్ కూడా వచ్చింది. నూరేండ్ల కింద బోర్డింగ్ స్కూళ్ళల్లో నేర్పిన ఆటను వాళ్ళు సొంతం చేసుకున్నారు. ఇప్పుడది వాళ్ళ జాతర.

ఫోన్లు వాళ్ళకూ ఉన్నయ్. మరి మనకెందుకు జనం రారు?

సంక్రాంతికి మా కుసుమంచి దిక్కు ఏ తండాలోనైనా కబడ్డీ పెట్టిచూడండి. రాత్రి లైట్లేసి ఆడితే ఆడోళ్ళు, ముసలోళ్ళు, చంటిపిల్లల తల్లులు కూడా బరి చుట్టూ కూర్చుంటారు. మిరపతోటల్లో పొద్దంతా కాయలేరి వచ్చినోళ్ళు నిద్ర ఆపుకుని చూస్తారు. రైడుకు పోయినోడు ఎవరి కొడుకో అందరికీ తెలుసు. అంటే మనోళ్ళకు ఆట చూసే గుణం పోలేదు. ఆట గోడ లోపలికి పోయింది, మనోళ్ళు గోడ బయట ఉండిపోయారు.

ఆ గోడ సంగతి నాకు మా యాడి వల్ల తెలిసింది. రెండో మ్యాచ్‌కు నేను వార్డెన్ మేడంను అడిగి పర్మిషన్ తీసుకున్నా. హాస్టల్ నుంచి పదకొండు మందిమి పోయినం. ఆ రోజే యాడి నాకు జొన్నరొట్టెలు, పచ్చడి తీసుకుని కుసుమంచిలో బస్సెక్కి ఖమ్మం వచ్చింది. నేను గ్రౌండ్‌లో ఉన్నా అని ఫోన్‌లో చెప్పిన. అరగంట అయినా లోపలికి రాదు. బయటికి పోయి చూస్తే గేటు పక్కన చెట్టు కింద సంచి పట్టుకుని నిలబడి ఉంది. "లోపలికి రావాలె గదా యాడీ" అంటే, "చదువుకున్నోళ్ళ ఆట గదా, పైసలు కట్టాల్నేమో అనుకున్న" అన్నది.

నా చదువు మూడో ఏడాది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఈ మూడేండ్లలో యాడి ఎన్నోసార్లు వచ్చింది, ప్రతిసారీ గేటు దగ్గరి నుంచే పోయింది. నేను కూడా లోపలికి రమ్మని ఎన్నడూ అనలేదు. "జనం తగ్గిపోయారు" అని మనం అంటున్నాం గానీ, మన ఇండ్లల్లో వాళ్ళను అసలు ఎవరు పిలిచారు? రాకుండా మానేసినవాళ్ళ లెక్క ఒకటి, ఎన్నడూ పిలవనివాళ్ళ లెక్క ఒకటి. రెండోదే పెద్దది.

యాడిని తీసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టిన. కాసేపు చూసి అడిగింది: "ఆ బుట్టకు అడుగు లేదేందే?" అందరం నవ్వినం. కానీ తర్వాత చదివితే తెలిసింది, నైస్మిత్ సార్ బుట్టలకు మొదట నిజంగానే అడుగు ఉండేది. బంతి పడ్డ ప్రతిసారీ నిచ్చెన ఎక్కి తీసేవాళ్ళట. అడుగు తీసేస్తే ఆట ఆగకుండా సాగుతుందని తర్వాత అర్థమైంది. మా యాడి ఐదు నిమిషాల్లో సరైన ప్రశ్న పట్టుకుంది.

మ్యాచ్ ఓడిపోయినం. నా రూమ్మేట్ మడమకు పట్టీ కట్టుకుని ఆడింది. ఆమె చేతికి బంతి వచ్చినప్పుడల్లా యాడి ఆమె పేరు పెట్టి అరిచింది. చివరికి ఆ అమ్మాయి వచ్చి యాడి పక్కన కూర్చుని రొట్టె తిన్నది. వాళ్ళ అమ్మ ఇంతవరకు ఆమె ఆట ఒక్కసారి కూడా చూడలేదు. చర్ల నుంచి రావడం అంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవడమే.

ఇప్పుడు ముందే చెప్పిన పని. మీ కాలేజీలో, మీ హాస్టల్‌లో చేయండి.

టీంలో ఉన్న మన పిల్లల పేర్లు, ఊర్లు, జెర్సీ నంబర్లు ఒక చార్ట్ మీద రాసి హాస్టల్ నోటీసు బోర్డు పక్కన అంటించండి. పేరు తెలిస్తేనే పిలుస్తాం. మ్యాచ్ ఏ రోజు, ఎన్ని గంటలకో పీడీ సార్‌ను ముందే అడిగి అందరికీ చెప్పండి. అమ్మాయిల హాస్టల్ అయితే పది మంది కలిసి వార్డెన్‌కు లెటర్ ఇవ్వండి, ఒక్కరు అడిగితే కాదంటారు. ఇంటి నుంచి ఎవరైనా చూడ్డానికి వచ్చినప్పుడు గేటు దగ్గర మాట్లాడి పంపకండి, లోపలికి తీసుకుపోండి. ఏ రోజు మ్యాచ్ ఉందో ఆ రోజే రమ్మనండి. మ్యాచ్‌కు వచ్చినవాళ్ళ సంఖ్య రాసి పెట్టండి. రేపు ఎవరైనా "చూసేది ఎవ్వరూ లేరు" అని కోర్టు తీసేస్తామంటే, ఆ కాగితం చూపించొచ్చు.

మా లెక్క మొన్న తొమ్మిది, తర్వాత ముప్పై ఒకటి. బండ్ల స్టాండు సంగతి ఇంకా తేలలేదు. వచ్చే మ్యాచ్ తేదీ తెలియగానే ఇక్కడే చెప్తా. ఖమ్మంలో ఉన్నోళ్ళు ఒక్క గంట ఇవ్వండి. డాన్స్ చూసిన కండ్లతోనే ఆట కూడా చూడండి.

జై సేవాలాల్. జై ఆదివాసీ.